నొప్పి తెలియని బండి

సామ్మోల్ నడుము సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఒప్పుకోనివాడు సామ్మోల్ ఒక్కడే. నలభై ఏళ్ళు మోటారు మంచుబండి మీద రెయిన్‌డీర్ల వెంట తిరిగినవాడి వెన్నుపూసలు ఎలా అరిగిపోతాయో పట్నంలో డాక్టరు ఫోటో తీసి మరీ చూపించాడు. ఇంక బండెక్కితే కాళ్ళు చచ్చుబడతాయని కూడా చెప్పాడు. సామ్మోల్ తలూపి, బయటికొచ్చి, నూట ఇరవై కిలోమీటర్లూ బండి మీదే ఇంటికొచ్చాడు. వచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ముక్కు మీద ఉండే కోపం నోట్లోకి వచ్చేది.

ఏప్రిల్ వచ్చేసింది. చూలు రెయిన్‌డీర్లు సముద్రం వైపు మొహాలు తిప్పి నిలబడుతున్నాయి. అవి కదిలాయంటే మనుషులూ కదలాల్సిందే. మూడిళ్ళ మంద కలిసి నడుస్తుంది. మందకు ముందు ఒక్కరే ఉంటారు, మెడకు తాడు కట్టిన పెద్దపోతును బండి వెనక నడిపించుకుంటూ. ఆ తాడు పట్టినవాడు ఎటు పోతే మంద అటు. వెనక ఉన్నవాళ్ళు దారి గురించి నోరు మెదపకూడదు. ఇద్దరు దారి చెబితే మంద చీలిపోతుందని తాతల నాడు పెట్టుకున్న కట్టుబాటు అది. ఇరవై రెండేళ్ళుగా తాడు సామ్మోల్ చేతిలో ఉంది. అది చెయ్యి జారిన రోజున తను ఉన్నా లేనట్టేనని అతని నమ్మకం.

"ఈ ఏడు నాకిచ్చెయ్ నాన్నా" అంది కూతురు రిస్టెన్. ముప్పై ఏళ్ళది, తండ్రికి తీసిపోని మొండిది. "నువ్వు సామాన్ల స్లెడ్జి మీద కూర్చుని రా."

"సామాన్లతో పాటు నన్నూ కట్టేస్తావా?"

"కట్టేస్తేనైనా కుదురుగా ఉంటావని."

"నా నడుం పడిపోయిన రోజున అడుగు, ఇస్తా."

"ఆ రోజు అడగడం కాదు, నిన్ను లేవదీయడమే సరిపోతుంది నాకు."

అప్పుడే సామ్మోల్‌కి తమ్ముడి బండి గుర్తొచ్చింది.

తమ్ముడు హెయ్కాది వేరే కంపెనీ బండి. సామ్మోల్ పసుపు బండి తప్ప ఎక్కడు, హెయ్కా నల్ల బండి తప్ప ముట్టడు. నువ్వు నడిపేది సోఫా అని అన్న, నీది రుబ్బురోలు అని తమ్ముడు పాతికేళ్ళు ఆడిపోసుకున్నారు. నిజానికి ఆ నల్ల బండి మెత్తదనమంతా వెనక, గతుకుల దెబ్బ మింగేసే స్ప్రింగుల సస్పెన్షన్‌లోనే ఉంది. డిసెంబరులో మంచు కింద వేసిన చేపల వల చూసుకోవడానికి వెళ్ళి, ఊరి సరస్సు ఇరుకైన చోట మంచు విరిగి, హెయ్కా బండితో సహా మునిగిపోయాడు. మనిషిని తీశారు, వారానికి బండిని కూడా తీశారు. ఇంజను పాడైపోయింది. సస్పెన్షన్‌కి మాత్రం ఏమీ కాలేదు.

బండి హెయ్కా భార్య గారెన్ ఇంటి వెనక టార్పాలిన్ కింద ఉంది. అక్కడికి వెళ్ళాలంటేనే సామ్మోల్‌కి కాళ్ళు రాలేదు. ఖననం అయ్యాక అందరూ కాఫీ తాగుతుంటే, దుఃఖం పట్టలేక అతను ఒక మాట విసిరాడు. "కళ్ళున్నవాడెవడైనా ఆ మంచు మీదికి పోతాడా?" అన్నాడు. అప్పటినుంచి గారెన్ అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

"సస్పెన్షన్ ఊడదీసుకుంటానమ్మాయ్" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

గారెన్ అతని మొహం చూడలేదు. "తీసుకెళ్ళండి బావగారూ. మొత్తం తీసుకెళ్ళినా సరే. దాన్ని చూసిన రోజు నాకు అన్నం దిగదు."

రెండు కంపెనీలవాళ్ళూ పగబట్టినట్టు చేస్తారు బండ్లు. ఒకదాని బోల్టు ఇంకోదాని రంధ్రానికి కలిసి చావదు. తండ్రీకూతుళ్ళు పసుపు బండిని పక్కకి ఒరగదోసి, కింద తిరిగే రబ్బరు పట్టా వదులు చేసి, నాలుగు బోల్టులు విప్పి పాత సస్పెన్షన్ బయటికి లాగారు. హెయ్కాది రెండు వేళ్ళు వెడల్పు తక్కువ. సందు పూడ్చడానికి ఇనుప గొట్టం ముక్కలు కోశారు. ముందు ఇరుసు నుంచి కొలుచుకుని, అట్టముక్క మీద గుర్తులు పెట్టి, బండి అల్యూమినియం పక్కగోడకి కొత్త రంధ్రాలు వేశారు. రంధ్రాల దగ్గర చీలకుండా రెండు వైపులా రేకులు అతికి రివెట్లు కొట్టారు. స్ప్రింగుల సందుల్లో సరస్సు అడుగు బురద ఎండిపోయి ఉంది. రిస్టెన్ దాన్ని చాకుతో గీకింది. సామ్మోల్ ఆ కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

స్ప్రింగులు బిగించకముందే రిస్టెన్ సీటు మీద ఎక్కి గెంతింది, పట్టా ఎక్కడా దాని పైనున్న రేకుకి రాసుకోవడం లేదని చూసుకోవడానికి.

"తగలట్లేదు నాన్నా. బాబాయి సోఫా నీ బండిలో కుదిరిపోయింది. వింటే పగలబడి నవ్వేవాడు."

సామ్మోల్ నవ్వబోయి ఆగిపోయాడు.

మొదటిసారి నడిపినప్పుడు అతనికి దాదాపు ఏడుపొచ్చింది. గట్టి మంచు గతుకుల మీద పోయాడు, గట్లెక్కి దూకించాడు. నడుములో చిన్న పోటైనా లేదు. పదేళ్ళు వెనక్కి ఇచ్చినట్టు అయింది. ఇంటికొచ్చి కూతురితో "ఇంకో ఇరవై ఏళ్ళు ఆగు" అన్నాడు. రిస్టెన్ మొహం మాడ్చుకుంది.

మందతో బయల్దేరిన నాలుగో రోజు తెల్లారాక తోడేలు సరస్సు చేరారు. ముందు సామ్మోల్, వెనక తాడుతో పెద్దపోతు, దాని వెనక ఆరువందల తలల మంద. మంద పక్కన రిస్టెన్ తన బండి మీద, అందరికన్నా వెనక సామాన్లతో గారెన్. సరస్సుని ఇరుకుగా ఉన్న చోట దాటితే మూడు గంటల నడక తగ్గుతుంది. ఇరుకులో కింద నీరు పారి మంచు పలచబడుతుంది కాబట్టి ఏటా అతను అక్కడ కాసేపు ఆలోచించేవాడు. ఈసారి హాయిగా కూర్చుని ఉన్నాడు. ఆలోచించలేదు.

సగం దూరం వెళ్ళాక పెద్దపోతు కాళ్ళు బిగబట్టి మొరాయించింది. సామ్మోల్ బండి నెమ్మది చేసి తాడు లాగాడు. అది తల అడ్డంగా ఆడించింది. ముసలిదై మొండికేస్తోందనుకుని ఇంకా గట్టిగా లాగాడు.

"నాన్నా! వెనక్కి చూడు!"

రిస్టెన్ గొంతు అది. అందరి ముందు, మంద నడుస్తుండగా, దారి పట్టినవాడి మీద అరుపు. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఏదో అనడానికే వెనక్కి తిరిగాడు.

బండి పట్టా గీసిన చాలులో నల్లటి నీళ్ళు నిండుతున్నాయి. వంద గజాల నుంచీ అలాగే ఉంది. వంద గజాలు నీళ్ళ మీద నడిపాడు, సీటు కింద మెత్తగా ఉంది తప్ప ఏమీ తెలియలేదు. పాత బండి అయితే మంచు కింద నీరు తగిలిన మొదటి గజంలోనే ఆ మొద్దు దెబ్బ వెన్నుపూసలోకి వచ్చేది, ఒళ్ళంతా జలదరించేది. నలభై ఏళ్ళుగా మంచుని కళ్ళతో చూస్తున్నానని అనుకున్నాడు. చూసిందంతా ఆ నొప్పి పడిన నడుమే.

బండి ఆపితే మునుగుతుంది. తిప్పితే మంద తన మీదికి వస్తుంది, ఆరువందల తలల బరువు ఈ మంచు ఆపదు. తాడు ముంజేతికి చుట్టి ఉంది. పళ్ళతో చేతితొడుగు లాగేసి, చుట్లు విప్పి, తాడు వదిలేశాడు.

పెద్దపోతు గిరుక్కున తిరిగింది. దానితో మంద తిరిగింది. రిస్టెన్ బండి మీద నుంచే వంగి మంచు మీద ఈడ్చుకుపోతున్న తాడు అందుకుంది. సామ్మోల్ బండిని ఎంత వేగం పోతే అంత వేగం ముందుకే తోలాడు. వెనక భాగం కుంగింది, మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి, పట్టా మంచు బురదలో తన్నుకుంది. ఎలాగో అవతలి గట్టుకి పడ్డాడు.

అక్కడి నుంచి చూశాడు. మూడు గంటల చుట్టుదారిలో కూతురు మందని నడిపించుకొస్తోంది. తాడు ఆమె చేతిలో సరిగ్గా, బిగువూ వదులూ తెలిసి, ఉండాల్సినట్టే ఉంది. ఒక్క జంతువు కూడా పోలేదు. సంతోషించాలి. అతనికి ఏడుపొచ్చింది.

సామాన్ల బండితో గారెన్ అందరికన్నా ముందు వచ్చేసింది. మందతో పనిలేదు కాబట్టి ఒడ్డు వెంబడి నేరుగా తోలుకొచ్చింది. ఏమీ అడగకుండా పొడి మేజోళ్ళు ఇచ్చి, బిర్చి చెట్టు పుల్లలు వెలిగించి కాఫీ పెట్టింది. తమ అలవాటు ప్రకారం అందులో ఎండుమాంసం ముక్కలు వేసి అతని చేతికిచ్చింది.

"గారెన్" అన్నాడు సామ్మోల్. పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఆ రోజు నేను తప్పు మాటన్నాను. వాడు చూసుకోకపోవడం కాదు. ఆ సస్పెన్షన్ మీద కూర్చుంటే కింద ఏముందో తెలీదు. ఇవాళ నాకే తెలీలేదు. నీళ్ళు పైకొచ్చేదాకా వాడికీ తెలిసుండదు."

గారెన్ కెటిల్ కింద పెట్టేసింది.

"నిజంగా తెలీదా?"

"తెలీదు. ఒట్టు."

ఆమె మంచు మీద కూలబడిపోయింది. "కళ్ళున్నవాడెవడూ అటు పోడన్నారు మీరు. హెయ్కాకి కళ్ళున్నాయి బావగారూ. ఆ సరస్సు ఆయనకి నా మొహం కన్నా బాగా తెలుసు. అందుకని... తెలిసే పోయాడనుకున్నాను. నాతో బతకలేకే పోయాడనుకున్నాను. నాలుగు నెలలు, రోజూ."

సామ్మోల్‌కి తన మాట ఆమెని అంత దూరం తోసిందని ఇప్పుడే తెలిసింది. ఆమె దగ్గరికి జరిగి, పక్కనే మంచు మీద కూర్చున్నాడు. అలా నేల మీద కూర్చుంటే ఎప్పట్లాగే నడుములో పోటు మొదలైంది. లేవలేదు. మంద వచ్చేదాకా అక్కడే, ఆమె పక్కనే కూర్చున్నాడు.