తాడు గుంజుతది, నూకదు

దిగంబర్‌రావు పత్తిచేను గట్టు మీద కూర్చుని తుపాకీ సామాను సంచి సర్దుతున్నాడు. అది చేనో, నిర్మల్‌లో తన ఇంటి వంటగదో ఆయనకే తేలడం లేదు. పత్తిమొక్కల మధ్య గ్యాస్ పొయ్యి ఉంది, పొయ్యి పక్కన ఆయన భార్య పిండి తూచుకునే చిన్న కాంటా ఉంది, కాంటాకు అవతల, పోయిన కార్తీకంలో అడవిపంది కడుపు చీల్చి చంపిన పెందూర్ మాన్కు గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చచ్చినవాడు బీడీ కాల్చడం దిగంబర్‌రావుకు వింతగా లేదు. భరించలేనిది ఆ వాసన. బీడీది కాదు, మాన్కు ఎడంచేత్తో చొక్కా మీద అదిమి పట్టుకున్న చోటునుంచి వచ్చే పచ్చి వాసన.

"తేలికగనే ఉన్నది పటేలా," అంటూ మాన్కు సంచిని చిటికెన వేలికి తగిలించి లేపుతాడు. "ఏమేం పెట్టినవ్?"

తుపాకీ గొట్టంలోంచి లాగి మసి తుడిచే సన్నతాడు, దాని కొసకు బిగించే ఇత్తడి బ్రష్, నాలుగు గుడ్డపేలికలు, కంటిచుక్కల సీసాలో పోసిన నూనె, ఒక్క స్క్రూడ్రైవర్. పంటలు తొక్కే పందుల్ని కొట్టడానికి పంచాయతీ పిలిస్తే గుట్టలెక్కి రెండు రోజులు నడవాలి, నడిచేవాడికి ప్రతి గ్రామూ బరువేనని ఆయన ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు. పళ్లు తోముకునే బ్రష్ పిడిని కూడా సగానికి విరగ్గొట్టాడు. అదంతా గర్వంగానే చెబుతాడు. ఛీ, చెప్పడానికి ఇంకెవరూ దొరకనట్టు!

"కడ్డీ?" అంటాడు మాన్కు.

మూడు ముక్కలుగా విప్పి మళ్లీ బిగించుకునే ఇనుప కడ్డీ అది. తుపాకీ గొట్టం మూతిలోంచి దూర్చి, లోపల ఏది ఇరుక్కున్నా తోసేయడానికి. మాన్కు అడగ్గానే కాంటా మీద ప్రత్యక్షమవుతుంది. రెండువందల ఎనభై గ్రాములు.

"బరువని తీసేసిన," అంటాడు దిగంబర్‌రావు.

"దాని జాగల ఇంకోటేందో పెట్టినవ్ గద."

దిగంబర్‌రావు సంచి మూతి మూయబోతాడు గానీ మాన్కు చెయ్యి అప్పటికే లోపలుంది. ఆ చెయ్యి సెల్ఫీ కర్రను బయటికి లాగుతుంది. లాగుతున్నకొద్దీ అది సాగుతూనే ఉంటుంది, వంటగది దాటి, చేను దాటి, పంది పడుకున్న వాగుదాకా సాగి, దాని కొసన ఫోన్‌లో దిగంబర్‌రావు ముఖమే నవ్వుతూ కనిపిస్తుంది. చచ్చిన పంది మీద కాలు పెట్టి దిగాలనుకున్న ఫోటో కోసం సిద్ధం చేసుకున్న నవ్వు అది. మాన్కు కర్రను మడిచి కాంటా మీద పెడతాడు. రెండువందల ఎనభై గ్రాములే. 

ఇప్పుడు ఇద్దరూ వాగులోనే ఉన్నారు, గ్యాస్ పొయ్యి కూడా వచ్చింది. మాన్కు చచ్చిన రోజు మొదటి దెబ్బ పందికి తొంటి మీద తగిలింది. కాల్చిన తూటా ఖాళీ తొడుగు మాత్రం బయటికి రాలేదు, అంచు తెగి తుపాకీలోనే ఇరుక్కుపోయింది. ఇంకో తూటా ఎక్కదు. కడ్డీ ఉంటే మూతిలోంచి ఒక్క పోటుతో బయటికి నూకేయొచ్చు. ఆయన తాడు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"పేలిక గుంజు పటేలా," అంటాడు మాన్కు.

దిగంబర్‌రావు తాడు గుంజుతాడు. గొట్టంలోంచి మసి వస్తుంది, తర్వాత పంది వెంట్రుకలు, తర్వాత ఎర్రమట్టి, తర్వాత జిగటగా, వెచ్చగా, పేరు పెట్టలేనిదేదో వస్తూనే ఉంటుంది. అరచేతులకు అంటుకుంటుంది, తుడుచుకుంటే మోచేతులకు పాకుతుంది. కంటిచుక్కల సీసాలోని నూనె అంతా పోసినా పోదు.

"ఇంకున్నది, గుంజు."

"నావల్ల కాదు మాన్కూ, రోత పుడుతున్నది."

"తాడు గుంజుతది, నూకదు. లోపట ఇరికినదాన్ని నూకాలె." మాన్కు బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకుంటాడు. "నువ్వు చెప్పకముందే నేను పంది మీదికి ఉరికినని మా ఇంటిది సోంబాయితోని అన్నవట."

"అన్న."

"నన్ను పిలిచిందెవరు?"

దిగంబర్‌రావుకు తన గొంతే వాగు అవతలినుంచి వినిపిస్తుంది: మాన్కూ, అడ్డం పో, గొడ్డలేసుకుని అడ్డం పో. అలా పిలిచినవాడే పదకొండో రోజున ఆ ఇంటికి వెళ్లి, తప్పు పాడు తూటాది, మీ ఆయన తొందరపాటుది అని చెప్పి, ఆ ఇల్లాలు పోసిచ్చిన చాయ్ తాగాడు. బాగుందని ఇంకో గుక్క పోయించుకున్నాడు కూడా. ఆ చాయ్ ఇప్పుడు గొంతులోకి వస్తోంది, ఇత్తడి రుచితో.

"ఇయ్యాల ఎవర్ని తీస్కపోతున్నవ్?"

"మీ తమ్ముడు జైతును."

మాన్కు ముఖంలో కోపం లేదు. అన్నంలో వెంట్రుక కనబడ్డవాడి ముఖం అది. కంచం పక్కకు జరిపినట్టే సంచిని పక్కకు జరిపి, ఎడంచెయ్యి చొక్కా మీదినుంచి తీయబోతాడు. కింద ఏముందో చూడలేక దిగంబర్‌రావు కళ్లు మూసుకుంటాడు.

తెరిచేసరికి పంచాయతీ ఆఫీసు బల్ల మీద ఉన్నాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ముఖం మీద పడుతోంది, మెడంతా చెమట. భోంచేసి కాసేపు నడుం వాలుస్తానన్నవాడు గంటసేపు నిద్రపోయాడు. గడప దగ్గర మాన్కు తమ్ముడు జైతు బయల్దేరడానికి సిద్ధంగా నిలబడ్డాడు. సగం నెరిసిన మీసం, భుజాన అన్న గొడ్డలి. దిగంబర్‌రావు పొద్దున సర్దిన సంచిని చిటికెన వేలికి తగిలించి లేపి చూస్తున్నాడు.

"తేలికగనే ఉన్నది పటేలా," అన్నాడు జైతు, మెచ్చుకోలుగా.

దిగంబర్‌రావు లేచి కూర్చున్నాడు. అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు, వాటికేమీ లేదు. 

"దించు జైతూ. దాంట్ల కడ్డీ లేదు, అప్పుడు గూడ లేకుండె," అన్నాడు. "మీ అన్న తనంతట తాను ఉరకలే. అడ్డం పొమ్మని నేనే పిలిచిన. పా, ముందుగాల మీ వదినె దగ్గరికి పోదాం."

జైతు సంచి దించలేదు. అది అతని చిటికెన వేలికి అలాగే వేలాడుతోంది.