తీసేసిన పదకొండు పేజీలు

అయినా కత్తిరించడం నా పని, దర్జీ గుడ్డ కత్తిరిస్తే ఎవరైనా నిలదీస్తారా, అని మొహం కడుక్కుంటూ అనుకున్నానో లేదో వెనకనుంచి, తీసేయాలంటారా, అని ఈ పుస్తకం రాసిన నర్సమ్మగారి గొంతు, తిరిగి చూస్తే ఎవరూ లేరు, ఉండరనీ తెలుసు, ఆవిడ పోయి రెండు నెలలైంది, అయినా తిరిగి చూశాను, పొద్దుటినుంచి ఇది మూడోసారి, మా ఆయన కాఫీ కప్పు చూపించి తీసేయనా అంటే కూడా ఉలిక్కిపడ్డాను, పుస్తకం అచ్చుకెళ్ళే రోజు నీకెప్పుడూ ఇంతే అంటూ కప్పులు పట్టుకుని వెళ్ళిపోయాడు, ఆయనకంతా వేళాకోళం, పెళ్ళిపత్రిక చేతికిచ్చినా మా ఆవిడ ఎర్రపెన్ను వెతుక్కుంటుందని అందరికీ చెబుతాడు, నిజమే, వెతుక్కుంటాను, ఎవరి కొలువులోనూ చేరకుండా ఇంట్లో ఈ బల్ల ముందు కూర్చుని ఇరవై రెండేళ్ళుగా పరాయివాళ్ళ పుస్తకాలు దిద్దే మనిషికి ఆ మాత్రం పిచ్చి ఉండదా.

తొమ్మిదింటికి ఫోన్ చేసింది నర్సమ్మగారి కూతురు, చివరి ప్రూఫు రెండుసార్లు చదివిందట, పురిటి వార్డులో అమ్మ గడిపిన నలభై ఏళ్ళూ బాగా వచ్చాయండీ, కానీ నా సంగతి ఏ పేజీలో ఉంది, అని అడిగింది, ఆ అడగడంలో కోపం లేదు, అదే భరించలేకపోయాను, తల్లీకూతుళ్ళకు తొమ్మిదేళ్ళు మాటల్లేవని నాకు తెలుసు, కూతురికి నొప్పులొచ్చిన రోజున తల్లి తన ఆసుపత్రిలో వేరెవరికో పురుడు పోస్తూ రాలేకపోయింది, కూతురికి బిడ్డ దక్కలేదు, ఆ తర్వాత ఈ పిల్ల పుట్టింటి గడప తొక్కలేదు, తల్లి చెప్పబోతే వినలేదు, ఆఖరి రోజుల్లో చూడటానికి వెళితే అప్పటికి ఆవిడకు మాట సరిగా పెగలడం లేదు, పుస్తకంలో ఉందమ్మా, నీకు చెప్పాల్సింది అందులో ఉంది, అని మాత్రం అందట, అందుకని వెతుకుతున్నానండీ, నా కళ్ళకే కనబడటం లేదేమో, అంది, సాయంత్రంలోగా చూసి చెబుతానన్నాను, చూడటానికేముంది, ఆ పదకొండు పేజీలూ తీసేసింది నేనే.

పుస్తకం అక్కడ నడక ఆపేసింది, అందుకు తీశాను, అన్నేళ్ళ కథ చకచకా చెప్పుకొచ్చిన మనిషి ఆ ఒక్క రోజు దగ్గర కాళ్ళు కట్టేసినట్టు అక్కడే తిరిగింది, చెప్పిందే చెప్పారు అని అంచున నాలుగు చోట్ల రాసి ఫోన్ చేశాను, ఇది పాఠకులకు బరువండీ అన్నాను, తీసేయాలంటారా అంది, ఆ గొంతులో బతిమాలడం నాకు వినబడింది, విననట్టు నటించాను, దాని సారం పై అధ్యాయంలో ఎక్కడో సర్దుతాను లెండి అన్నాను, ఈ మాట నేను రాసేవాళ్ళందరితోనూ అంటాను, పళ్ళ డాక్టరు నొప్పి ఉండదన్నట్టు, సరేనండీ, పుస్తకాల సంగతి మీకు తెలిసినంత నాకేం తెలుసు, ఆ రెండు ముక్కలూ మాత్రం ఉంచండి, అని నమ్మి, నేను దిద్దిన ప్రతిమీద సంతకం పెట్టి పంపింది, నేను సర్దలేదు, మరిచిపోయాను, కాదు, మరిచిపోలేదు, ఆ అధ్యాయం ఉన్నదున్నట్టే బాగుందనిపించింది, పోనీ అసలు కాగితాలైనా ఉన్నాయా, చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతి, ఒకప్పుడు ఎవరిదో పాత ప్రతి పొరపాటున అచ్చుకెళ్ళి నాకు తలవంపులైంది, నాటినుంచి సంతకం పడిన రోజే పాతవన్నీ చింపి తూకానికి వేసేస్తాను, నా బల్లమీద రెండో ప్రతి ఉండదని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

పదకొండింటికి ప్రచురణకర్తకు ఫోన్ చేసి చెప్పుకుంటే, దానికింత ఆలోచనెందుకు మేడమ్, ఆవిడలా మీరు రాయలేరా, సగం పుస్తకం మీ చేతిలోనే తయారైంది కదా, ఓ ఐదు పేజీలు రాసి కలిపేయండి, ఆ అమ్మాయికి మనశ్శాంతి, ఎవరికి నష్టం చెప్పండి, అన్నాడు, నాకూ ముందే అదే తోచింది, ఆయన నోట వింటే సిగ్గేసింది, అయినా కూర్చున్నాను, మొదలుపెట్టాక చెయ్యి ఆగితేనా, ఒక గదిలో నా వృత్తి, ఒక గదిలో నా రక్తం, మధ్యలో నేను, అబ్బ ఎంత బాగా వచ్చింది, పైకి చదువుకున్నాను, చదువుతుంటే ఆసుపత్రి సబ్బు వాసన, కుర్చీ వెనక ఆవిడ నిలబడింది, ఎవరి గురించండీ ఇది, అన్నట్టు చూస్తోంది, నిజమే, ఆవిడ జన్మలో ఇలాంటి వాక్యం రాయదు, కొట్టేశాను, మళ్ళీ రాశాను, ఈసారి ఇంకా బాగా వచ్చింది, నాకు భయమేసింది, ఆవిడ సొంత మాట ఒక్కటైనా గుర్తుచేసుకుందామంటే ప్రతిదీ నేను దిద్దిన రూపంలోనే వస్తోంది, ఇన్ని నెలలు ఆవిడతో గడిపి నేను ఆవిడను అసలు విన్నానా.

మధ్యాహ్నం మూడయ్యింది, భోజనం బల్లమీదే చల్లారింది, కళ్ళు మూసుకుని ఆ కాగితాలు తలచుకున్నాను, ఆవిడ అక్షరాలు రావడం లేదు, నా ఎర్రగీతలే వస్తున్నాయి, నాలుగు గీతలు, నాలుగూ ఒకే వాక్యం కింద, గీత గీసిన పాపానికి అదొక్కటీ మిగిలింది, ఎదురుగా ఒక ప్రశ్న కూడా రాశాను, ఇక్కడ ఎవరితో మాట్లాడుతున్నారు, అని, ఎంత తెలివైనదాన్ని, నేను రాసిన పేజీలు చింపేసి కూతురికి ఫోన్ చేశాను, నేనే తీసేశానమ్మా, మీ అమ్మగారికి సర్దుతానని మాటిచ్చి సర్దలేదు, కాగితాలు కూడా లేవు, ఒక్క వాక్యమే గుర్తుంది, అన్నాను, తిట్టినా బాగుండును, చెప్పండి అంది, అప్పటికే ఇక్కడ బిడ్డ తల కనబడుతోంది, ఎట్లా వదిలేసి వచ్చేది తల్లీ, అని చెప్పాను, అంతేనా అంది, అంతే, కానీ నాలుగుసార్లు రాశారు, అందుకే తీశాను, అయితే నాలుగుసార్లూ చెప్పండి అంది, చెప్పాను, మూడోసారికి ఆ పిల్ల ఏడుస్తోంది, నాలుగోది పూర్తికాకుండానే, సరేలే అమ్మా, అంది, నాతో కాదు, అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ చెప్పిందే చెప్పలేదు, కూతురి నోట ఈ మాట వినబడేదాకా అడుగుతూ కూర్చుంది.