నలభై రెండో చావు

టోక్యోలో, అసాకుసా పేటలోని సినిమా హాళ్లలో నా అంత గొంతు ఇంకొకడికి లేదు. తెర పక్కన నిలబడి మూగబొమ్మల మాటలన్నీ నేనే చెప్పేవాణ్ణి. నేను ఏడిస్తే ముందు వరసవాళ్లు గొడుగులు తెరిచేవాళ్లు. తార హిసానో ప్రతి ఆటకీ వచ్చి, "నా గొంతు నువ్వే తొకుజీ" అని నా చేతులు పట్టుకునేదని ఊరంతా చెప్పాను. నిజానికి ఆవిడ మా హాలు గడప తొక్కలేదు. నా మొహం కూడా ఎరగదు.

ఆవిణ్ణి ఎదురుగా చూసింది స్టూడియోలో, గొంతు పరీక్ష రోజున. మాటల సినిమాలొచ్చి నా పని పోయేలా ఉంది. అందుకే నేనూ పరీక్షకు వెళ్లి, నా వంతు కోసం బల్ల మీద కూర్చున్నాను.

హిసానో అద్దం ముందు మెడకు తెల్లపూత వేసుకుంటోంది, గోడకు సున్నం కొట్టే ఓపికతో. ముప్పై నాలుగేళ్లు. వేళ్ల కణుపులు మాత్రం లావుగా, ఎర్రగా ఉన్నాయి. ఉత్తరాన సముద్రపొడ్డున చేపలు కడిగిన చేతులవి. పదకొండేళ్లలో నలభై ఒక్కసార్లు చచ్చిపోయింది. క్షయతో, కత్తితో, ఒకసారి కేవలం నిట్టూర్చి. పెదాలు కదిలితే చాలు గనక, కెమెరా గరగరలో, "సబ్బు అయిపోనాది, బొగ్గులు తేవాల" అనుకుంటూ చచ్చేది. జనం వెక్కి వెక్కి ఏడ్చేవారు.

"పట్నం మాట వచ్చిందా?" విగ్గు పెట్టే ఆమె అడిగింది.

"మూడు నెల్లు సదివినాను. నాలిక తిరగతంది గానీ గుండె తిరగట్లేదు, వదినా."

"రేపట్నుంచి మూగవేషాలుండవు. ఇది పోతే?"

"సేపలు కడగడం మరిసిపోనేదులే."

స్టూడియో పెద్ద నిషిగోరి గారు మైకు కిందకి దింపించారు. "చావు సీనండీ. మీకు తోచిన మాట అనండి."

హిసానో చాప మీద పడుకుంది. చచ్చేటప్పుడు ఆవిడ అనే మాట మొదటిసారి ఒకరు వింటున్నారు. మూడు నెలల చదువూ ఎటుపోయిందో, కళ్లు మూసుకుని మెల్లగా అంది:

"పిల్లా, కాళ్లు సల్లబడతన్నాయి. పొయ్యి ఆరనీకు."

నిషిగోరి గారు కళ్లజోడు జారిపోయేలా నవ్వారు. "ఆ అసాకుసా జోకు మీకూ ఎక్కిందా? బావుంది. ఇప్పుడు మీ సొంత గొంతుతో అనండి."

"ఇదే నా గొంతండి."

ఆయన ఇంకా నవ్వారు. "తొకుజీ, నీ జోకు ఎక్కడిదాకా పాకిందో చూశావా?"

పోయిన చలికాలం ఒక రాకుమారిని తెర మీద ఆ మాటతో, ఆ యాసతో నేనే చంపాను. హాలు దొర్లి దొర్లి నవ్వింది. మిగతా హాళ్లన్నీ నన్ను చూసి అదే మొదలుపెట్టాయి.

పరీక్షలో నెగ్గింది నేను. ఆవిడ ఆ సాయంత్రమే ఉత్తరం రైలెక్కింది. వెళ్లే ముందు స్టూడియో మెట్ల మీద చెక్క చెప్పులు తొడుక్కుంటూ అడిగింది.

"ఆ మాట ఎవుల కాడ నేర్సినావు?"

"మా నాయనమ్మ అనేదండీ."

"ఆయమ్మది ఏ ఊరు?"

"దక్షిణాన, ఒసాకా."

ఆవిడ రెండో చెప్పు తొడుక్కుంది. "పోయేటప్పుడు మాయమ్మ నాతో అన్న మాట అది. ఈ స్టూడియో ఎనక గేటు కాడ సేపలమ్మే ఆవిడికి తప్ప ఎవులికీ సెప్పనేదు."

ఏ ప్రశ్నకైనా మూడు అబద్ధాలు సిద్ధంగా ఉంచుకునేవాణ్ణి. ఒక మెట్టు కిందికి దిగాను.

"గోడ పక్కన నిలబడి విన్నానక్కా," అన్నాను. "చేపలావిడ ఏడ్చింది. నాకు నవ్వొచ్చింది."