తలకు తగిలిన గుమ్మం

పొద్దున్నే మెహరాజ్ అన్నం వార్చి వరసగా వడ్డించేది. ముందు భర్త ముస్తఫాకి, తర్వాత అత్త మెహబూబ్ బీకి. గిన్నె అడుగున మిగిలింది తనూ, ఏడాది పిల్ల సనోబరూ తినేవాళ్లు.

విజయవాడలో కొండ కింద సందు అది. అక్కడి గుమ్మాలు మనుషుల ఎత్తును బట్టి ఏటా కాస్త కిందికి దిగేవి. అందుకే ఎవరి తలా తగిలేది కాదు, ఎవరూ గిడసబారినట్టు కనిపించేవాళ్లు కాదు. ముస్తఫా వడ్రంగి. పటమటలో మేడలకి ఏడడుగుల గుమ్మాలు బిగించి, సాయంత్రం తన గుమ్మంలోంచి వంగకుండానే ఇంట్లోకి వచ్చేవాడు. బయటి పేట నుంచి వచ్చే అంగన్‌వాడీ టీచర్ సంపూర్ణమ్మకి మాత్రం నుదుటిమీద ఎప్పుడూ బొప్పే. తన కేంద్రం గుమ్మం మీద రాయించిన 'నేటి బాలలే రేపటి పౌరులు' రోజూ ఆమెకే కొట్టుకునేది.

"పాపకిచ్చిన రవ్వ ఏం చేశావమ్మా?" అని మెహరాజ్‌ని అడిగిందొకరోజు.

"మా ఆయనకి ఉప్మా చేశానండీ. రంపం పట్టి కష్టపడే మనిషి."

"మరి పాపకి?"

"అడుగంటింది గీకి పెట్టాను."

పక్కింటి అమలమ్మ కొడుకుని చంకనేసుకుని నవ్వింది. "మా ఇంట్లోనూ అంతేనండీ. మా అత్త చుట్టాలకి పెట్టే కంచంలో మాత్రం కోత పెట్టదు. పాపమట."

మెహరాజ్ కాసేపు అమలమ్మ కొడుకునే చూసింది. "అయితే నా పిల్ల మీ ఇంటికి చుట్టం. నీ కొడుకు మాకు."

మర్నాటి నుంచి సందులో పద్నాలుగిళ్ల తల్లులు పిల్లల్ని మార్చుకుని అన్నం పెట్టారు. పప్పు, ఆకుకూర, గుడ్డు.

"సొంత పిల్లని పక్కింటికి తోలి పరాయి పిల్లాడికి గుడ్డు పెడతావా? ఏం తల్లివే!" అని మెహబూబ్ బీ తిట్టేది. తిడుతూనే అమలమ్మ కొడుక్కి, "ఇంకో ముద్ద తిను బేటా" అని కొసరేది.

పద్నాలుగేళ్లు అలాగే గడిచాయి. రెండువేల ఎనిమిదిలో ఒక ఉదయం బడికి బయల్దేరిన సనోబర్ తల గుమ్మానికి ఠంగున తగిలింది.

"వంగి పోవే!" అని అరిచింది మెహబూబ్ బీ.

మెహరాజ్ కూతురి బొప్పిని వేలితో తడిమింది. ఆ గుమ్మం కింద తను నిటారుగా నిలబడి చూసుకుంది. తగల్లేదు. పొయ్యి మీది మూకుడు దించేసి మళ్లీ కూతురి దగ్గరికొచ్చింది.

"వంగొద్దు, అక్కడే ఉండు," అంది.

ముస్తఫా తింటున్న కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, రంపం తీసి గుమ్మం పైచెక్కకి ఆనించాడు.