మైకక్క గొంతు

...గోళ్ళ రంగు తుడిచేసుకుని రమ్మని నిన్న ఫోన్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంట్లోనే తుడిచేసుకుని వచ్చేదాన్ని కదా, ఇప్పుడీ నర్సమ్మ దూది ముంచి ముంచి నా వేళ్ళు రుద్దుతోంది, ఆ వాసన ఖాళీ కడుపు మీద మరీ ఘాటుగా ఉంది, వేలికి క్లిప్పు పెడతారట, రంగుంటే లోపలి సంగతి దానికి సరిగా తెలీదట, ఈ వయసులో నాకు రంగులేంటే అని మొత్తుకున్నా వినకుండా ఆపరేషన్‌కి అందంగా వెళ్ళమ్మా అని మా అమ్మాయే వేసింది, వేసిన మహాతల్లి బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటోంది, కడిగే ఖర్మ ఈ పిల్లది, మీ పేరేంటమ్మా అంటోంది, ఇందాకే చెప్పాను కదమ్మా, చేతికి పట్టీ కూడా కట్టావు, అయినా మళ్ళీ చెప్పాలట, ఏం ఆపరేషనో కూడా నా నోటితో నేనే చెప్పాలట, గొంతులో థైరాయిడ్ గడ్డ, కుడివైపు, తీసేస్తారు, అన్నాను, అబ్బ ఎంత చక్కగా చెప్పారండీ రేడియోలో లాగా అంది, ఇంకేం, ఆ వాసన కూడా మర్చిపోయి పొంగిపోయాను, బస్టాండు మైకులో చెప్పేది నేనేనమ్మా, అందరూ మైకక్క అంటారు అన్నాను, అయ్యో మీరేనా, రోజూ మీరు చెప్తేనే నేను బస్సెక్కేది అంది, చూశావా, నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా, నాకు పని నేర్పిన పెద్దాయన అనేవాడు, మాట నమిలి మింగకమ్మాయ్, పళ్ళ డాక్టరు ముందు కూచున్నట్టు నోరంతా తెరిచి ఒక్కో అక్షరం బయటికి తొయ్, సామాన్ల మూట మీద కునికిపాట్లు పడే ముసలమ్మకి కూడా తన బస్సేదో తెలియాలి అని, అలా తెరిచీ తెరిచీ ఇంట్లో కూడా అదే అలవాటైపోయింది, ఉప్పు అందుకోండి అన్నా బస్సు బయల్దేరుతున్నట్టే ఉంటుందని మా అమ్మాయి వెక్కిరిస్తుంది.

ఎవరో కుర్ర డాక్టరు వచ్చి నా మెడ మీద పెన్నుతో బాణం గుర్తు వేసి వెళ్ళాడు, చల్లగా తగిలింది, ఆ బాణం కిందే ఎక్కడో ఉందట ఆ నరం, పెద్ద డాక్టరు చెప్పాడు, గడ్డ పక్కనే సన్నగా ఉంటుందమ్మా, గొంతు పలికించేది అదే, జాగ్రత్తగానే తీస్తాం, కానీ ఏ కొందరికో గొంతు బొంగురుపోవచ్చు, కొన్నాళ్ళు అసలు రాకపోనూ వచ్చు, చాలా అరుదుగా ఎప్పటికీ కూడా, ముందే చెప్పడం మా ధర్మం అన్నాడు, చెప్పి ఆయన ధర్మం ఆయన చేసుకున్నాడు, నిద్ర పట్టనిది నాకు, ఉద్యోగం గురించి కాదు, బస్టాండు వాళ్ళు ఎలాగూ కంప్యూటర్ గొంతు పెడతామంటూనే ఉన్నారు, పెట్టుకోమనండి, దానికి జలుబు చేయదు, సెలవడగదు, నా బాధంతా మా ఆయన గురించి, ఈ లోకంలో ఆయనకి వినపడేది నా గొంతొక్కటే, మగ్గాల మిల్లులో పనిచేసీ చేసీ చెవులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు మనిషి, కూతురు అరిచి గీపెట్టినా అమ్మనడగవే అంటాడు, బ్యాంకులో పిల్ల ఏదో అంటే నా వంక తిరుగుతాడు, నేను చెప్తే మాత్రం మెల్లిగా చెప్పినా టక్కున అందుకుంటాడు, చెవి మిషను కొనిస్తే బుర్రలో తేనెటీగలు తిరుగుతున్నాయని తీసి సొరుగులో పడేశాడు, నువ్వున్నావుగా ఇదెందుకు అన్నాడు, ఆ మాటకి నేను ఎంత మురిసిపోయానంటే ఎదురింటావిడకి, పక్కింటావిడకి, బస్టాండులో టికెట్లిచ్చే అమ్మాయికి, అందరికీ చెప్పుకున్నాను, మరి ఆ గొంతే పోతే ఆయనేం కావాలి, ఇంట్లో నేను ఉండీ లేనట్టే కదా, డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా మొహమే చూస్తూ కూచున్నాడు, ఏమన్నాడే అంటే చిన్న ఆపరేషనేనటండీ, రెండ్రోజుల్లో ఇంటికి పంపేస్తారట అన్నాను, గొంతు సంగతి మింగేశాను, చెప్పేందుకు నోరు రాలేదు, నోరే బతుకుగా బతికినదానికి.

అదిగో వస్తున్నాడు, లోపలికి ఒక్కరే రావాలంటే కూతుర్ని బయటే కూచోబెట్టి, తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళికొచ్చినట్టు తల దువ్వుకుని, వచ్చీ రాగానే ఆకలేస్తోందా అని ఒక్క కేక, పక్క మంచాల వాళ్ళందరూ ఇటు తిరిగారు, మెల్లిగా అండీ, ఇది మీ మిల్లు కాదు, ఆసుపత్రి అన్నాను, నవ్వి, ఈసారి మరీ గుసగుసగా, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదా అన్నాడు, ఈయనకి రెండే గొంతులు, మధ్యలోది లేదు, వేలికి ఉంగరం ఉండకూడదట, అది రావట్లేదంటే సబ్బు నీళ్ళు తెచ్చి కూచున్నాడు, వేలు తిప్పి తిప్పి, నొప్పెడుతోందా నొప్పెడుతోందా అంటూ తీసి తన చిటికెన వేలికి పెట్టుకుని, నాకే బాగుందే, ఇక నీకివ్వను అన్నాడు, ఇవ్వకపోతే ఊరుకుంటానా, ఇంకోటి కొనిపిస్తాను అన్నాను, అమ్మో అన్నాడు, ఆ పచ్చ గౌనుకి ముడులన్నీ వెనకే పెట్టి చచ్చారు, ఆయన్నే కట్టమన్నాను, వెనక నిలబడి కడుతున్నాడు, ఏమండీ నాకు భయంగా ఉందండీ అన్నాను, గోడ వైపు చూస్తూ, ఉలుకూ పలుకూ లేదు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడేమోలే పాపం, మాట పెగలట్లేదు అనుకున్నాను, నా గొంతు పోతుందేమోనండీ అని కూడా అనబోయి ఆగిపోయాను, వెనక ముళ్ళు వేస్తున్న మనిషికి అలాంటి మాటా చెప్పడం.

తోపుడు మంచం వచ్చింది, ఎక్కి పడుకోమన్నారు, నెత్తిన కాగితం టోపీ, మూతికి మాస్కు, ఇక్కణ్ణుంచి ఇది తీయకూడదమ్మా అంది నర్సమ్మ, మంచం కదిలింది, పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, పక్కనే ఆయన నడుస్తున్నాడు, చేయి పట్టుకుని, తలుపు దగ్గరపడుతోందని నాకు గాభరా, చెప్పాల్సినవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి, ఏమండీ మీరు బీపీ మాత్ర వేసుకున్నారా అన్నాను, ఏంటి అన్నాడు, బీపీ మాత్ర అన్నాను, ఏంటే అన్నాడు, మైకులో చెప్పినట్టు ఖంగుమనేలా అన్నాను, అవతల మంచం తోసే అతను కూడా ఏం మాత్రండీ అంటున్నాడు, ఆయన మాత్రం వంగి నా మాస్కు వంక చూస్తున్నాడు, దాని మీది గీతలు చదువుతున్నట్టు, ఆయన కళ్ళేమో తప్పిపోయిన పిల్లాడి కళ్ళలా అటూ ఇటూ వెతుకుతున్నాయి, మా గుండె గుభేలుమంది, మా అంటే నాదే, ఇన్నేళ్ళ కాపురంలో ఈయన గుండె ఏదో నా గుండె ఏదో, నా గొంతింకా ఎక్కడికీ పోలేదు కదా, ఖంగుమంటూనే ఉంది కదా, ఈయనకెందుకు వినపడదు, ఆగండాగండి, ఊరంతా మాస్కులు కట్టుకు తిరిగిన రోజుల్లో ఈయన బజారుకొస్తే ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు, భయపడ్డాడనుకున్నాను, కరెంటు పోతే ముందు దీపం తెచ్చి నా మొహం దగ్గర పెట్టేవాడు, ఈ వయసులో సరసం చూడు అని సిగ్గుపడ్డానే, ఫోన్లో నీ గొంతు బాగోదే అని ఒక్కనాడూ నాతో ఫోన్లో మాట్లాడలేదు, బస్టాండుకొస్తే స్పీకరు కింద చోటున్నా కూచోకుండా నా అద్దాల గదికి ఎదురుగా ఎండలో నిలబడేవాడు, మిల్లు స్నేహితులు టీ కొట్టు దగ్గర కూడితే మూగ సినిమాలాగా పెదాలు ఆడించుకుంటూ విరగబడి నవ్వుకునేవాళ్ళు, ఆ మగ్గాల మోతలో ఎవరికి ఏం వినపడి చచ్చింది, అందరూ అలాగే మాట్లాడుకునేవాళ్ళమే అని ఆయనే చెప్పాడు, చెప్పింది విన్నాను, నవ్వాను, నా గొంతు గొప్పేనని కులికాను, ఓరి దొంగా.

మాస్కు కిందికి లాగేశాను, అమ్మా తీయకూడదు అంటోంది నర్సమ్మ, ఒక్క నిమిషం తల్లీ నీకు పుణ్యముంటుంది, మంచం ఆపు నాయనా, పెదాలే ఆడించాను, గాలి కూడా రానివ్వలేదు, పళ్ళ డాక్టరు ముందులాగా నోరంతా తెరిచి, అక్షరం అక్షరం, ఏమండీ నా గొంతు పోవచ్చట, అన్నాను, అనలేదు, ఆడించాను, ఆయన చూశాడు, చూసి, నాకెప్పుడు చెప్తావా అనే చూస్తున్నా, అన్నాడు, ఆ రోజు డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక నీ మూతి ఒక మాట పట్టుకుని వదలట్లేదే అన్నాడు, మామూలు గొంతుతో, అటు కేకా కాదు ఇటు గుసగుసా కాదు, ఈయనకి మధ్య గొంతు కూడా ఉందన్నమాట, ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదండీ అని మళ్ళీ పెదాలతోనే దెబ్బలాడాను, కళ్ళలో నీళ్ళు పక్కకి జారి చెవుల్లోకి పోతున్నాయి, నీ గొంతంటే నీకు అంత మురిపెం కదే, నాకు వినపడట్లేదని నీకెలా చెప్పను అన్నాడు, అని, పోతే పోనీలే, నోరు మాత్రం ఆడిస్తూ ఉండు, తిట్టేటప్పుడు కూడా ఇటు తిరిగే తిట్టు అన్నాడు, నర్సమ్మ అటు తిరిగి ముక్కు తుడుచుకుంటోంది, మాస్కు మళ్ళీ ఎక్కించారు, తలుపులు తెరుచుకున్నాయి, చేయి వదలాలి, వదిలాను, లోపల చల్లగా ఉంది, మత్తు డాక్టరు పేరేంటమ్మా అంటోంది, చెప్తున్నాను, ఏం ఆపరేషనమ్మా అంటోంది, చెప్తున్నాను, నా గొంతు నాకే ఎవరిదోలా దూరంగా వినపడుతోంది, బాగానే ఉంది గొంతు, ఉంటే ఉంటుంది, పెళ్ళయి వచ్చిన మొదటిరోజు నేనేదో అంటే ఆయన పని ఆపి, నా ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి, మళ్ళీ చెప్పు అన్నాడు, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను మాట్లాడిన ప్రతి మాటకీ ఆ మనిషి చేతిలో పని వదిలేసి నన్ను చూశాడు.