ఎర్ర ప్యాచి

నేను ఒక ట్రాక్టరు ట్యూబుని. ట్రాక్టరు వెనక చక్రం ఎంత పెద్దదో మీరు చూసే ఉంటారు. ఆ టైరు లోపల, ఎవరికీ కనబడకుండా గాలి నింపుకుని కూర్చునేదాన్ని నేనే. ఇప్పుడు నాలో గాలి సరిగా నిలవడం లేదు. నిలిచినంతసేపట్లో నా కథ చెప్పేయాలి. అందులో ఒక సంగతి దగ్గర నేను నివ్వెరపోయాను. ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నాకు గుర్తున్నవి రెండే. ఒకటి వేడి, రెండోది నీళ్ళతొట్టి. ఒకతను నాలో గాలి కొట్టి, ఆ తొట్టిలో ముంచి, గుండ్రంగా తిప్పుతూ చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. సరే అని పక్కన పడేశాడు. ఏ ట్యూబునైనా నీళ్ళలో పరీక్షించాకే బయటి లోకంలోకి పంపుతారట. మనుషుల జాగ్రత్త చూసి మురిసిపోయాను. తమ పిల్లల విషయంలో కూడా ఇలాగే ఉంటారనుకున్నాను.

నన్ను వాగొడ్డుపల్లెలో ఒక ట్రాక్టరుకి ఎక్కించారు. యజమాని పేరు ఎప్పుడూ వినలేదు. అందరూ పటేలు అనేవారు. బండి నడిపేది కొమురయ్య. పని ఒక్కటే, కొంగలవాగులోంచి ఇసుక తోలడం. కూలీలు పారలతో తవ్వి ట్రాలీ నింపేవాళ్ళు, మేము ఊళ్ళోకి లాక్కొచ్చేవాళ్ళం. టైరు లోపలంతా చీకటి కాబట్టి నాకు లోకం అంటే బరువూ చప్పుడే. ఊరి బడి ప్రహరీ, పంచాయతీ మీది గది, సగం ఇళ్ళ స్నానాల గదులు, అన్నీ మేము తోలిన ఇసుకతోనే లేచాయి. బండి ఇసుకలో దిగబడితే నేను బిగబట్టి పైకి తెచ్చేదాన్ని. కొమురయ్య దిగి టైరు మీద అరచేత్తో తట్టి, "శెభాష్" అనేవాడు. టైరు తనకనుకునేది, నేను నాకనుకునేదాన్ని.

ఒక చలికాలం పొద్దున వాగొడ్డున తుమ్మముల్లు దిగింది. కొమురయ్య టైరు విప్పి నన్ను బయటికి లాగాడు. రెండేళ్ళ తర్వాత వెలుతురు. కళ్ళు చెదిరినట్టయింది. పక్కనే బండ మీద ఒకామె బట్టలు ఉతుకుతోంది.

"అక్కా, జర నీ టబ్బియ్యవా, పంచరు జూసుకుంట," అన్నాడు కొమురయ్య.

"సబ్బునీళ్ళున్నయ్ తమ్మీ, అయితదా?"

"సబ్బునీళ్ళయితె ఇంకా మంచిగ కనబడ్తది."

నన్ను కొంచెం కొంచెంగా టబ్బులో ముంచి తిప్పుతున్నారు. ఆమె కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్దవాళ్ళ కంటే ముందు వాడే పట్టేశాడు.

"గీడ, గీడ బుడగలొస్తున్నయ్." వెంటనే ఆ రంధ్రం మీద వేలు పెట్టి కిలకిల నవ్వాడు. "అమ్మా, గాలి సక్కిలిగిలి వెడ్తుందే."

వెలుతురులో నేను అంత దగ్గరగా చూసిన మొదటి మనిషి ముఖం అదే.

కొమురయ్య దగ్గర నల్ల రబ్బరు లేదు. ఎర్రటి పాత సైకిలు ట్యూబు ముక్క కోసి అంటించాడు. "బొట్టు వెట్టినట్టుంది," అన్నాడు ఆ పిల్లాడు. నన్ను మళ్ళీ చీకట్లో పెట్టేశారు.

తర్వాత వానాకాలం వచ్చింది. ఒకరోజు బండి ఉన్నపళంగా ఆగిపోయింది. పదకొండు రోజులు కదల్లేదు. పన్నెండో రోజు పటేలు గొంతు వినబడింది, "కొన్నొద్దులు పై దిక్కు తోడుండ్రి." దారి మారింది, పని మారలేదు. కొమురయ్య మాత్రం టైరు మీద తట్టడం మానేశాడు. నేను చేసిన తప్పేమిటో అర్థం కాక కొన్నాళ్ళు చిన్నబుచ్చుకున్నాను.

ఎండాకాలం నాటికి నాకు ఐదు ప్యాచిలు పడ్డాయి. పటేలు కొత్త ట్యూబు కొని నన్ను పారేయమన్నాడు. కొమురయ్య పారేయలేదు. భుజాన వేసుకుని లింగవ్వ బావి దగ్గరికి నడిచాడు.

అక్కడ పిల్లల శిబిరం నడుస్తోంది. "తెప్ప" అనే స్వచ్ఛంద సంస్థ పెట్టింది. నడిపేది అనసూయ టీచరు, బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరయిన మనిషి, మెడలో ఎప్పుడూ విజిలు. ఎండాకాలం ఈత, వానలకు ముందు వాగు పని, దసరా సెలవుల్లో మళ్ళీ ఈత. ఫీజు లేదు. ఊరే సాయం పట్టింది. లింగవ్వ తన వ్యవసాయ బావి ఇచ్చి, పొద్దున పదకొండు దాకా మోటరు బందు పెట్టుకునేది. ఇంటికో గిన్నె బియ్యం వచ్చేవి. మహిళా సంఘం వాళ్ళు చెట్టు కింద పొయ్యి పెట్టి పప్పూ అన్నం వండేవాళ్ళు. ఎవరో ఎండిన ఆనిగెపు బుర్రలు, అంటే సొరకాయ బుర్రలు, తెచ్చారు, వీపుకి కట్టుకుని తేలడానికి. ఇన్నాళ్ళూ మనుషులు తీసుకెళ్ళడమే చూసినదాన్ని, తెచ్చి ఇవ్వడం కొత్తగా ఉంది.

ఇరవై తొమ్మిదిమంది పిల్లలు ఒక్కసారిగా నా మీదికి దూకారు. బస్తాలాంటి ఐలేషు నా మధ్యలో ఇరుక్కుపోయాడు. "ఒరేయ్, ట్యూబు నిన్ను మోస్తుందా, నువ్వు ట్యూబును మోస్తున్నవా?" అని అందరూ వాణ్ణి ఆడుకున్నారు. నలుగురు కలిసి లాగితే గానీ బయటికి రాలేదు.

ఒక్క అమ్మాయి మాత్రం మెట్ల పైన పొడి బట్టలతో కూర్చుంది. పేరు వినోద, పన్నెండేళ్ళు. టీచరు హాజరు పుస్తకం చేతికిస్తే రాసుకుంటోంది. అప్పుడు బావి గట్టు మీంచి ఒక గొంతు వినబడింది. "బిడ్డా, నీళ్ళకు దూరం కూసో."

ఆ గొంతు నాకు తెలుసు. టబ్బు ఇచ్చిన ఆమె. పేరు పోశవ్వ అని అప్పుడే విన్నాను. నాకు సంతోషం వేసింది. పక్కన ఆ పిల్లాడు కూడా ఉంటాడని వెతికాను.

"పోశవ్వా, పిల్లను దింపరాదు," అంది టీచరు. "జూన్ల ఎనిమిదో తరగతి. హైస్కూలు వాగవతల. ఈత రావాలె గద."

"ఈత రాకుంట వాగు దాటనియ్య టీచర్."

"మరి నీళ్ళల్ల దిగకుంట ఈతెట్ల వస్తది?"

"నీళ్ళల్ల దిగనియ్య."

"ఇదెక్కడి లెక్క?"

"గందుకే బడి బందు," అని పోశవ్వ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పిల్లలందరూ గుండ్రంగా కూర్చుని, ఎందుకు వచ్చారో ఒక్కొక్కరూ చెప్పాలన్నారు. "మా అమ్మ ఇంట్ల లొల్లి భరించలేక పంపింది," అన్నాడు ఐలేషు. నవ్వులు. వినోద వంతు వచ్చింది. ఆ అమ్మాయి గొంతు వినబడాలంటే అందరూ నవ్వు ఆపాల్సి వచ్చింది.

"మా తమ్ముడు సాయిలు, పోయిన వానాకాలం వాగుల పోయిండు," అంది. "ఎప్పుడు నడిచే జాగనే. మోకాలు లోతు ఉంటుండె. ఇసుక తీసిన గుంత పడ్డది, పైకెల్లి నీళ్ళు పారుతున్నయ్, గుంత కనబడలే. అమ్మ గాడనే బట్టలు ఉతుకుతుంది."

నేను పక్కనే చెట్టుకి ఆనించి ఉన్నాను. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత ఆ పదకొండు రోజులు గుర్తొచ్చాయి. మారిన దారి గుర్తొచ్చింది. బిగబట్టి పైకి లాగి శెభాష్ అనిపించుకున్న ఒక్కొక్క ట్రాలీ గుర్తొచ్చింది. ప్రతి ట్రాలీకీ వెనకాల వాగులో ఒక ఖాళీ మిగులుతుందని నాకెందుకు తోచలేదు? నా మీద వేలు పెట్టి నవ్విన పిల్లాడి కింద నేల తవ్వి తీసుకెళ్ళింది మేమే.



"టీచర్, ట్యూబు గాలి పోతుంది," అన్నాడు ఐలేషు.

మర్నాడు కొమురయ్య వచ్చి వాల్వు పిన్ను వదులైందని బిగించాడు. పిన్ను సంగతి కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసేమో. వినోద మంచినీళ్ళు తెచ్చి ఇస్తే ఆ పిల్ల ముఖం వైపు చూడకుండా తాగాడు. ప్రతి ఆదివారం పంపు పట్టుకుని వచ్చేవాడు, చెప్పులు తీసి పక్కన పెట్టి గాలి కొట్టేవాడు, వెళ్ళేవాడు. ఎండాకాలం ముగిసేసరికి ఇరవై తొమ్మిదిమందికి ఈత వచ్చింది. ముప్పయ్యో పేరు ఎదురుగా వినోద తన చేత్తోనే "గట్టు మీద" అని రాసుకుంది.

మృగశిర దగ్గర పడింది. వానలు రాకముందు వాగులో గుంతలన్నిటి దగ్గరా వెదురు బొంగులు పాతి, పైన ఎర్రగుడ్డ కట్టాలని టీచరు అనుకుంది. నీళ్ళు వచ్చాక గుంత కనబడకపోయినా గుడ్డ కనబడుతుంది. కానీ గుంతలు ఎక్కడున్నాయో అందరికీ తెలియదు. కొమురయ్య ముందుకొచ్చాడు. ఏ గుంత ఎంత లోతో, ఏ నెలలో తవ్విందో చూడకుండానే చెప్పుకుంటూ నడిచాడు. పిల్లలు బొంగులు మోస్తూ వెనకాల. నన్ను కూడా దొర్లించుకుంటూ తీసుకెళ్ళారు. ఇరవై మూడు బొంగులు. మేము ఇన్ని చేశామా అని ప్రతి బొంగు దగ్గరా నేను కొత్తగా అదిరిపడ్డాను.

చివరి గుంత ఉతికే బండకు పది అడుగుల దూరంలో ఉంది. అక్కడ కొమురయ్య లోతు చెప్పలేదు. బొంగు పాతి వెనక్కి తగ్గాడు. గట్టు మీద ఎప్పుడొచ్చి నిలబడిందో పోశవ్వ, "ఇంక లోపటికి దించుండ్రి," అంది. "వానకు పడిపోతది." ఏడాదిగా ఆమె వాగు వైపు రాలేదని పిల్లలు తర్వాత గుసగుసలాడుకున్నారు.

వానలు వచ్చాయి. వాగు పారింది. బొంగులు నిలబడ్డాయి. ఎవరూ పోలేదు. హైస్కూలు తెరిచారు, వినోద మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

దసరా సెలవుల్లో శిబిరం మళ్ళీ పెట్టారు. బావి పైనుంచి మూడో మెట్టు దాకా నిండింది. రెండో రోజు పొద్దున పిల్లలు నీళ్ళలో ఉన్నారు, కొమురయ్య నాకు గాలి కొడుతున్నాడు, వినోద పుస్తకం పట్టుకుని గట్టు మీద ఉంది. పోశవ్వ వచ్చింది. కూతురిని ఇంటికి తీసుకుపోవడానికేమో అనుకున్నాం. ఆమె కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు విడిచింది.

"టీచర్, ముందుగాల నాకు నేర్పు."

ఐలేషు ఈత ఆపి మెట్టు పట్టుకున్నాడు.

"నీకా?" అంది టీచరు.

"ఆ దినం నేను గట్టు మీద నిలవడ్డ. పది అడుగులు లేదు. చీర కొంగిసిరిన, అందలే. రేపు పిల్లను దింపినంక, మల్ల నేను గట్టు మీదనే నిలవడాల్నా?"

కొమురయ్య పంపు వదిలేసి లేచాడు.

"అక్కా, ఇంకో ట్యూబు తెస్త. దీన్ని పట్టుకోకు. ఇది ఆ బండిదే. నా బండిది."

పోశవ్వ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నన్ను మెల్లగా తిప్పింది, ఫ్యాక్టరీలో అతను తిప్పినట్టు. ఎర్ర ప్యాచి దగ్గర ఆగి, దాని మీద వేలు పెట్టింది.

"తెల్సు తమ్మీ," అంది. "మొదటి దినమే జూసిన. మా సాయిలు గీడనే ఏలు వెట్టిండు."

వేలు చాలాసేపు అక్కడే ఉంచింది. నేను బిగబట్టుకున్నాను. ఇసుకలో బండిని లాగినప్పుడు కూడా అంత బిగబట్టలేదు.

"గాలి పోతలేదు," అంది చివరికి. "గట్టిగనే అంటిచ్చినవ్."

కొమురయ్య వంగి, నన్ను ఎత్తి నీళ్ళలో వేశాడు.

"చిన్నమ్మా, బుగులువడకు," అన్నాడు నీళ్ళలోంచి ఐలేషు. "గది నన్నే మోసింది."

పోశవ్వకి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో నాకు తెలియలేదు. ఒక్కొక్క మెట్టూ దిగి, రెండు చేతులూ నా మీద వేసి, కాళ్ళు వదిలింది. ఆమె బరువంతా నా మీద పడింది. నేను మోసిన ట్రాలీలతో పోలిస్తే అది ఏపాటి? అయినా అంత బరువు నేనెప్పుడూ మోయలేదు. మునిగిపోతాననుకున్నాను. తేలాను. కాసేపటికి గట్టు మీంచి పుస్తకం మూసిన చప్పుడు వినబడింది. వినోద ఎవరినీ అడగకుండా మెట్లు దిగి, వాళ్ళమ్మ పక్కన నన్ను పట్టుకుంది. పోశవ్వ వద్దనలేదు. జరిగి చోటిచ్చింది.

ఇప్పుడు నేను లింగవ్వ మోటరు గదిలో మేకుకి వేలాడుతున్నాను. రబ్బరు పగుళ్ళు ఇచ్చింది. పాత ప్యాచిలన్నీ అంచుల్లో లేస్తున్నాయి. వచ్చే ఎండాకాలం నాటికి నన్ను పట్టీలుగా కోసి మూటలు కట్టుకుంటారని లింగవ్వ అంటోంది. కోసుకోనీ.

నిన్న పొద్దున గోడవతల బావిలో చప్పుడు విన్నాను. ఒకరు దూకారు, వెనకాలే ఇంకొకరు. "అమ్మా, కాళ్ళు కొట్టు, కాళ్ళు," అని వినోద గొంతు. "కొడుతున్న గదనే, నువ్వు నోరు మూసి ఈదు. బడికి యాళ్ళయితుంది," అని పోశవ్వ గొంతు. గది తలుపు తీసి నన్ను దింపుతారని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు.

ఎర్ర ప్యాచి మాత్రం ఇంకా ఊడలేదు.