పొగ ఎటు?

ముప్పయ్యేళ్లు బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషికి బట్టలారేయడం రాదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వేవాళ్లు బొగ్గు కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌లో ఒక్క నెల కాపురం చేసి చూడాలి. గాలివాటుకి పొగ ఎటు వంగితే అటు బూడిదే. అందుకే ఆయన రోజూ పదింటికి కంట్రోల్ రూమ్ నుంచి ఇంటికి ఫోన్ చేసేవాడు.

"పొగ ఎటు?" అనేది భార్య.

"పెరటివైపు. నువ్వు వీధివైపు ఆరెయ్యి."

అంతే. ఫోన్ పెట్టేసేవారు. వాళ్ల ముద్దూముచ్చటా అన్నీ అందులోనే.

కిందటేడు ఆవిడ పోయింది. గాల్లో కర్బనం తగ్గించాలని దేశమంతటా బొగ్గు ప్లాంట్లని వరసగా మూసేస్తున్న ప్రభుత్వం, ఈ ఏడు దీన్నీ మూసేసింది. కుర్రాళ్లకి సోలార్ పని నేర్పిస్తామని తీసుకెళ్లారు. ఆయన్ని ఇంటికి పంపారు.

ఇవాళ పొద్దున తడి చొక్కా పట్టుకుని బాల్కనీలోకొచ్చి, అలవాటుకొద్దీ పొగగొట్టం వంక చూశాడు. పొగ లేదు. ఎటు ఆరెయ్యాలో తోచక చొక్కా నీళ్లోడుతుంటే అలాగే నిలబడిపోయాడు.

"ఎటైనా ఆరేసుకోండి బాబాయిగారూ, ఇంకా బూడిదెక్కడిది!" అంది పక్కవాటా కోడలు.

నిజమే. ప్రభుత్వం మంచిపనే చేసింది, కాదని ఎవరన్నారు?

సాయంత్రం ఆరిన చొక్కా తీసి, ఆవిడ దులిపినట్టే రెండుసార్లు గట్టిగా దులిపాడు. రవ్వంత బూడిద రాలలేదు.

"ఇదిగో, చూశావా!" అని ఇంట్లోకి కేకేశాడు.